మంచం పట్టినవాడి ఊపిరి, మెట్లెక్కినవాడి ఊపిరి

ఫిజియోథెరపీ చదివి ఛాతీ వార్డులో చేరబోతున్న పిల్లలకు ముందే ఒక మాట చెప్పాలి. మీరు చేసే పని ఏమిటో మీ ఇంట్లోవాళ్ళకు కూడా అర్థం కాదు. మా అత్తగారు పోయేదాకా నేను ఆసుపత్రిలో రోగులకు ఒళ్ళు పడతాననే అనుకుంది. వీధిలోవాళ్ళు మోకాలి నొప్పులు చెప్పుకుంటూ వచ్చేవాళ్ళు. నాది మోకాళ్ళ పని కాదు, ఊపిరి పని అంటే, "ఊపిరికి మందులుంటాయి గానీ కసరత్తు ఏందమ్మా?" అని నవ్వేవాళ్ళు.

నా పేరు షకీలా. తిరుపతిలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో, ఛాతీ జబ్బుల విభాగంలో పనిచేసి నిరుడు రిటైరయ్యాను. ఏ హోదాలో చేరి ఏ హోదాలో దిగానన్నది మీకు అక్కర్లేదు. పని మాత్రం చెబుతాను. ఆయాసపడుతున్న మనిషిని లేపి నడిపించాలి. అంతే. ఆ మనిషి భయపడతాడు. వాళ్ళింటివాళ్ళు మిమ్మల్ని హంతకురాలిని చూసినట్టు చూస్తారు. వాళ్ళ చూపు కింద నిలబడి, "ఇంకో నాలుగడుగులు వెయ్యండి" అనాలి.

ఆ చూపు నాకు కొత్త కాదు. మా నాయన చిత్తూరులో పరుపులు కుట్టేవాడు. దూది ఏకి ఏకి ఆయాసం తెచ్చుకున్నాడు. మేమందరం కలిసి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "కదలొద్దు నాయనా" అన్నాం. మా ప్రేమ అదే. ఆ రోజుల్లో డాక్టర్లూ అదే చెప్పేవాళ్ళు. ఆయన ఆ కుర్చీలోంచి మళ్ళీ లేవలేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో చాలా చూశాను. కానీ ఒక్క ఉదయం చూసింది మాత్రం నేను చదివిన చదువునే తిరగేసి చూపించింది. ఆ ఉదయం ఇద్దరు మనుషులు ఒకే యంత్రంలోకి ఊదారు. వాళ్ళిద్దరి గురించే ఇక్కడ రాస్తున్నాను.

కుర్చీతో సహా

మునిరత్నం నగరిలో మరమగ్గాల మీద బతికినవాడు. యాభై దాటాయి. బీడీ, సిగరెట్టు ఎన్నడూ ముట్టలేదు. షెడ్డులో ఎగిరే నూలు పీచును ఏళ్ళ తరబడి పీల్చి దగ్గు, పిల్లికూతలు తెచ్చుకున్నాడు. కరోనా వచ్చినప్పుడు అందరూ ఆశ వదులుకున్నారు, కానీ బయటపడ్డాడు. బయటపడి ఇంటికి వెళ్ళినవాడు మంచం ఎక్కాడు. మళ్ళీ దిగలేదు.

ఆయన్ను మా విభాగానికి ఇద్దరు బావమరుదులు ప్లాస్టిక్ కుర్చీతో సహా మోసుకొచ్చారు. వెనకాలే భార్య దేవకి.

"నిదానంగా దించండప్పా, అదరనీయొద్దండి," అంటూ ఆమె కుర్చీ కాళ్ళ దగ్గర చేతులు పెట్టింది. గాజు సామాను దించుతున్నట్టు దించారు.

"నడవలేడా?" అని అడిగాను.

"నడిస్తే సచ్చిపోతాడమ్మా."

"ఎవరు చెప్పారు?"

"ఎవురు సెప్పాల? ఈ మిషనే సెప్తా ఉండాది." మెడలో తాడుకు కట్టుకున్న చిన్న పల్స్ మిషను తీసి చూపించింది, వేలికి తగిలిస్తే రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చెప్పేది. "తొంభై ఆరు ఉండాల. బాత్రూముకు పోయొస్తే తొంభై నాలుగు సూపిస్తాది. అంతే, బిరబిరా పండుకోబెట్టేస్తాను. ఇప్పుడు బాత్రూముక్కూడా పంపించేది లేదు. అన్నీ మంచంలోనే."

తొంభై నాలుగుకు ఎవరూ చచ్చిపోరు. నడిచొచ్చిన మనిషికి ఆ కాస్త తగ్గితే కూర్చుని ఊపిరి తీసుకుంటే సరిపోతుంది. ఆమె మాత్రం ఆ రెండంకెల తేడాకు భయపడి, రోజులు, నెలలు, ఏడాది, రెండేళ్ళు, మొగుణ్ణి మంచంలోనే ఉంచి సాకింది. స్నానం మంచంలో. అన్నం మంచంలో. తలకింద దిండు సరిచెయ్యడానికి కూడా ఆయన చెయ్యి ఎత్తనివ్వలేదట.

నేను ఆయన లుంగీ కొంచెం పైకి జరిపి పిక్క పట్టుకుని చూశాను. నా బొటనవేలూ చూపుడువేలూ దాదాపు కలుసుకున్నాయి. మధ్యలో కండ లేదు, తోలు ఉంది. అదిరిపడ్డాను. మగ్గాల మధ్య రోజంతా నిలబడి తిరిగిన మనిషి పిక్క అది. ఎవరూ కొట్టలేదు, కొయ్యలేదు. ప్రేమగా చూసుకున్నారు, అంతే.

"ఊపిరి చాలదు మేడం," అన్నాడు మునిరత్నం. ఆ నాలుగు మాటలకే రెండుసార్లు ఆగాడు. "నా గుండెకాయ, ఊపిరితిత్తులు... అన్నీ అయిపోయినాయి."

నేనూ అదే అనుకున్నాను. ఆయన్ను చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు.

డాక్టరమ్మ

మా విభాగం పెద్ద డాక్టర్ సులోచన గారు. ఆమెకు ముందున్న పెద్దాయన మంచివాడు, మెత్తనివాడు, రోగుల పేర్లన్నీ గుర్తుండేవి. కానీ ఆయాసమన్న ప్రతి మనిషికీ 'పూర్తి విశ్రాంతి' అని రాసేవాడు. సులోచన గారు మెత్తని మనిషి కాదు. వార్డు మధ్యలో నిలబెట్టి అందరి ముందూ కడిగేసేది. ఆ తిట్లు మంచికేనని ఇప్పుడు కూడా నేను అనను. అవసరం లేని తిట్లు కూడా తిట్టింది. అయినా ఇద్దరిలో ఎవరి చేతికింద పని నేర్చుకున్నావంటే ఆమె పేరే చెబుతాను. ఆమెకు ఒక పట్టు ఉండేది. ఊదించి చూడకుండా నడిపించకూడదు. నడిపించి చూడకుండా మందు పెంచకూడదు.

ఊదించడమంటే, గొట్టం నోట్లో పెట్టుకుని, నిండా పీల్చి, ఒక్క ఊపున చివరి బొట్టు దాకా బయటికి ఊదడం. ఆ వయసుకు, ఆ ఎత్తుకు ఊపిరితిత్తులు ఎంత గాలి ఎంత వేగంగా తోయాలో, ఎంత తోస్తున్నాయో యంత్రం చెబుతుంది. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. మనిషి ముఖం చూసి మనం అనుకున్నదాన్ని నిలువునా కూల్చేసేది కూడా అదే.

మునిరత్నం చేరిన వారంలోనే మా ఆసుపత్రిలో కసరత్తు గది తెరిచారు. పాత స్టోరు గది ఖాళీ చేయించి, రెండు తొక్కే సైకిళ్ళు, ఒక బెంచీ, గోడ పొడవునా పట్టుకుని నడవడానికి కమ్మీ పెట్టించింది సులోచన గారు. ఆయాసం రోగులకు ధైర్యం చెప్పడానికి ఆ రోజు ఒక మనిషిని పిలిచింది. ఆయన పేరు దొరసామి.

డ్రిల్ సారు

దొరసామి సార్ ఏర్పేడు వైపు ఒక హైస్కూల్లో డ్రిల్ మాస్టరుగా చేసి రిటైరై, తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాడు. మునిరత్నం కంటే పెద్దవాడు. సన్నగా, నిటారుగా, ఎండిన చింతబద్దలా గట్టిగా ఉండేవాడు. తెల్లవారుజామునే అలిపిరి దగ్గర మెట్లు మొదలుపెట్టి గాలిగోపురం దాకా ఎక్కి దిగేవాడు. ఆ మెట్లు ఎక్కినవాళ్ళకు తెలుసు, ఆ పైన వచ్చే మోకాళ్ళపర్వతం సంగతి దేవుడెరుగు, గాలిగోపురానికే ప్రాణం గొంతులోకి వస్తుంది. సులోచన గారు ఉదయం నడకకు పోయినప్పుడు ఆయన్ను చూసేదట.

ఆ రోజు తెల్లటి టీషర్టు, తెల్ల బూట్లు వేసుకుని వచ్చాడు. గదిలో పదిమంది దాకా రోగులు, వాళ్ళ మనుషులు. మునిరత్నం మూలన అదే కుర్చీలో.

"ఏమబ్బా, అందురూ ఇట్ల వాలిపోయి కూర్చున్నారు?" అని మొదలుపెట్టాడు. "ఊపిరి అనేది వాడితేనే ఉంటాది. నన్ను సూడండి. చిన్నప్పుట్నుంచి పరిగెత్తతా ఉండా. ఒక్క రోజు మానింది లేదు. సిగరెట్టు తాగుతాను, దాచేదేముంది? కొండ దిగినాక ఒకటి, అన్నం తిన్నాక ఒకటి. కానీ పొద్దున చెమటతోనే అదంతా బయటికి పోతాది."

సులోచన గారి కనుబొమ్మలు పైకి లేచాయి. తర్వాత ఊదే యంత్రం తెచ్చాం. రోగులు గొట్టాన్ని చూసి బెదిరారు. దేవకి అయితే, "ఊదితే ఊపిరి పోతాదేమో మేడం," అంది.

"ఇదేం భయం? నేను ఊది సూపిస్తా," అని దొరసామి సార్ ముందుకొచ్చాడు. ముక్కుకు క్లిప్పు పెట్టాను. గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. ఛాతీ ఉబ్బేలా పీల్చాడు.

"ఊదండి సార్, ఊదండి, ఊదండి, ఆపొద్దు!" నేను అరుస్తున్నాను. ఆయన ముఖం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి. గొట్టం తీసేసి గర్వంగా అందరి వైపూ చూశాడు.

నేను తెరవైపు చూశాను. గీత నిటారుగా లేచి, చల్లగా జారాల్సింది పోయి, లేస్తూనే కూలిపోయి నేలబారుగా పాకింది.

సరిగ్గా పట్టుకోలేదేమో అనుకున్నాను. మళ్ళీ ఊదించాను. మళ్ళీ అదే. యంత్రం పాడైందనుకుని గొట్టం మార్చి నేను ఊదాను. నాది బాగానే వచ్చింది. సులోచన గారు వచ్చి నా పక్కన నిలబడింది. మూడోసారి ఆమే ఊదించింది. పీల్చే మందు ఇప్పించి, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ ఊదించింది. గీత కదల్లేదు.

ఉండాల్సిన దాంట్లో సగం. తిరుమల మెట్లు ఎక్కి దిగే మనిషికి ఊపిరి సగమే ఉంది.

"ఎట్ల వచ్చినాది? ఫస్టేనా?" అన్నాడు దొరసామి సార్ నవ్వుతూ.

"తర్వాత చెబుతాను సార్, కూర్చోండి," అంది సులోచన గారు. ఆమె గొంతు అంత నెమ్మదిగా పలకడం నేను ఎప్పుడూ వినలేదు.

సార్ ఊది చూపించాడు కదా, రోగులకు భయం పోయింది. వరసగా ఊదారు. చివరికి మునిరత్నం వంతు. భుజాలు పట్టుకుని ఊదించాం. తెరమీద గీత లేచింది. కొంచెం వంగింది గానీ నిలబడింది. పూర్తి ఆరోగ్యం కాదు, మగ్గాల దుమ్ము తన పని తను చేసింది. కానీ నాలుగింట మూడొంతులు ఉంది. రెండేళ్ళుగా మంచం దిగని మనిషి ఊపిరి, రోజూ కొండెక్కే మనిషి ఊపిరి కంటే చాలా మేలుగా ఉంది!

సులోచన గారు నా చేతిలోని రెండు కాగితాలూ చూసి, కుర్చీలో వాలిన మునిరత్నం వైపు, నిటారుగా కూర్చున్న దొరసామి సార్ వైపు చూసింది. "షకీలా, మన కళ్ళు ఎంత అబద్ధం చెబుతాయో చూశావా?" అంది.

అది ఎలా జరిగింది

వయసులో ఉన్నప్పుడు మన ఊపిరితిత్తుల్లో మనకు కావాల్సిన దానికంటే ఎక్కువ శక్తే ఉంటుంది. ఆ మిగులును పొగ తినేస్తుంటే మనకు తెలియదు. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాడికి ఇంకా తెలియదు. ఎందుకంటే వాడి గుండె, కాళ్ళ కండలు ఉన్న కాస్త గాలినే పొదుపుగా వాడుకోవడం నేర్చుకుంటాయి. దొరసామి సార్ కాళ్ళు ఆయన ఊపిరితిత్తుల లోటును ఏళ్ళ తరబడి మోశాయి. తర్వాత నింపాదిగా అడిగితే ఆయనే చెప్పాడు, ఇదివరకు పరుగుతో ఎక్కేవాణ్ణి, ఈ మధ్య నడుస్తున్నానని. మధ్యమధ్య ఆగి వెంట వచ్చేవాళ్ళకు కింద ఊరు చూపించేవాడట. అది ఆయాసమని ఆయనకు తట్టలేదు. వయసనుకున్నాడు.

స్కాన్ తీశాం. చెదలు తిన్న చెక్కలా, పై భాగమంతా నల్లటి గుంతలు.

మునిరత్నానిది దీనికి తలకిందులు. ఊపిరితిత్తులు పరవాలేదు, కాళ్ళు చచ్చిపోయాయి. కండ లేని కాలు ఒక అడుగు వెయ్యడానికి మామూలు కాలు కంటే ఎక్కువ గాలి అడుగుతుంది. ఆయాసం వస్తుంది. భయంతో పడుకుంటాడు. పడుకుంటే ఉన్న కండ కరుగుతుంది. మరుసటి రోజు ఇంకా ఆయాసం.

ఇక్కడ కొత్తవాళ్ళు ఒకటి బాగా మనసులో పెట్టుకోవాలి. వ్యాయామం చెడిపోయిన ఊపిరితిత్తిని తిరిగి మొలిపించదు. చెమటతో పొగ బయటికి పోదు. ఈ రెండూ అబద్ధాలే, రెండింటినీ చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతారు. వ్యాయామం చేసే మేలు వేరు. ఉన్న ఊపిరితో ఎక్కువ బతకనిస్తుంది. అది చిన్న మేలు కాదు.

నడక

మునిరత్నాన్ని మొదటిరోజు లేపి నిలబెట్టినప్పుడు దేవకి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మా, నీ కాళ్ళు మొక్కుతా. ఈ మనిషిని సంపొద్దు."

"ఆయన ఊదింది చూశావు కదా దేవకీ?"

"యంత్రానికేం తెలుసు? రేతిరీ పగులూ పక్కనుండి సూసింది నేను గదా!"

ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. మా నాయన దగ్గర మా అమ్మ కూడా ఇలాగే నిలబడేది. దేవకి మెడలో ఉన్న మిషను తీసి మునిరత్నం వేలికి తగిలించి, "నువ్వే పట్టుకో. తొంభైకి దిగితే నేనే కూర్చోబెడతాను. అంతవరకు మాట్లాడకు," అన్నాను.

కమ్మీ పట్టుకుని నడిచాడు. నాలుగడుగులకే కళ్ళు తేలేశాడు. "పోతాండా... పోతాండా మేడం..." అన్నాడు. పోవడం లేదు. భయంతో పైపైన గబగబా పీలుస్తున్నాడు. పెదాలు సున్నాలా చుట్టి, వేడి కాఫీ ఊదినట్టు నెమ్మదిగా బయటికి వదలమన్నాను. ముక్కుతో తీసుకో, నోటితో ఊదు. మళ్ళీ. మళ్ళీ. ఆయాసం దిగింది. దేవకి మిషను వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ మిషను వైపు చూసింది. తొంభై మూడు.

"ఇంకో నాలుగడుగులు," అన్నాను.

ఎంత ఆయాసం పడొచ్చని మీరు అడుగుతారు. నేను రోగులకు చెప్పే కొలత ఇది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాట కూడా రాకపోతే ఎక్కువైంది, పాట వస్తుంటే చాలడం లేదు. నడకకు ముందు పీల్చే మందు తీసుకోవాలి. దుమ్ములో, బండ్ల పొగలో చెయ్యకూడదు. ఛాతీలో నొప్పి వస్తే, కళ్ళు తిరిగితే ఆపేసి డాక్టరుకు చెప్పాలి. ఇంతే శాస్త్రం. మిగతాదంతా పక్కన నిలబడటం.

మునిరత్నం గోడ పొడవునా నడిచాడు. తర్వాత వరండాలోకి. కొన్నాళ్ళకు ఆసుపత్రి గేటు దాకా. డిశ్చార్జి అయ్యాక నగరి నుంచి బస్సులో వచ్చి చూపించుకునేవాడు. బస్సులో! ప్లాస్టిక్ కుర్చీలో మోసుకొచ్చిన మనిషి బస్సు మెట్లెక్కి, నిలబడి వచ్చానని చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. మగ్గం షెడ్డుకు మాత్రం మళ్ళీ పోవద్దన్నాం. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చీరలు మడతపెట్టే గదిలో పని వెతుక్కున్నాడు.

సార్ ఇల్లు

దొరసామి సార్‌కు స్కాన్ చూపించినప్పుడు నేనూ గదిలో ఉన్నాను. సులోచన గారు ఏదీ దాచలేదు. సిగరెట్టు ఈ రోజే ఆపాలి, నడక మాత్రం ఆపకూడదు అని చెప్పింది. ఆయన చాలాసేపు స్కాన్ వైపే చూశాడు.

"ఇది నాదేనా?" అన్నాడు చివరికి. లేచి వెళ్ళిపోయాడు. నెలల తరబడి మళ్ళీ రాలేదు.

సిగరెట్టు మానేసి, మెట్లు ఎక్కుతూ ఉంటాడని మేం అనుకున్నాం. అంత క్రమశిక్షణ గల మనిషి కదా. కొన్ని నెలలకు మునిరత్నం చూపించుకోవడానికి వచ్చి, "మేడం, ఆ డ్రిల్ సార్ బాగుండాడా? ఆయన ఊదినాకనే నాకు ధైర్యం వచ్చింది. ఒకసారి సూసొస్తాను," అన్నాడు. నాకూ మనసులో ఉంది. ఇద్దరం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం.

తలుపు తీసింది ఆయన భార్య. లోపలికి చూసి నేను గడపలోనే ఆగిపోయాను.

సార్ పడక కుర్చీలో ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. బిగుతుగా ఉండే టీషర్టు వేలాడుతోంది. పక్కన స్టూలు మీద గిన్నె నిండా సిగరెట్టు పీకలు.

"మెట్లెక్కడం మానేసినాడమ్మా," అంది భార్య. "ఆ ఫోటో తీసిన దినం నుంచి బూట్లు వేసుకోలేదు. నీళ్ళ బకెట్టు ఎత్తితే కూలబడతాండాడు."

సిగరెట్టు మానేసి నడక ఉంచుకోమంటే, నడక మానేసి సిగరెట్టు ఉంచుకున్నాడు!

"ఎందుకు సార్?" అన్నాను.

"ఎందుకు నడవాలమ్మా?" అన్నాడు. "బతుకంతా పరిగెత్తినాను. స్కూల్లో వేలమంది పిల్లోళ్ళకు చెప్పినాను, పరిగెత్తితే ఊపిరి పెరుగుతాదని. యాడ పెరిగింది? ఎవుర్ని మోసం చేసినాను నేను? ఆ కొండంతా వేస్టే గదా?"

నాకు చెప్పడానికి శాస్త్రం ఉంది. కండలు, గుండె, పొదుపు. నోరు తెరిచేలోపే మునిరత్నం ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"సార్, నన్ను గుర్తుపట్టినారా? కుర్చీలో ఉంటిని."

సార్ కళ్ళు చిట్లించి చూశాడు. "నువ్వా? నడిచొచ్చినావా?"

"నడిచే వచ్చినాను. సార్, ఒకటి అడుగుతా, కోప్పడొద్దండి. ఆ దినం నా ఊపిరి మీ ఊపిరి కంటే మేలంట. మేడమే చెప్పినాది. అంత ఊపిరి పెట్టుకోని నేను మంచంలో ఉచ్చ పోసుకుంటా ఉంటిని. సగం ఊపిరి పెట్టుకోని మీరు కొండెక్కినారు. ఇందులో వేస్టు ఎవురిది సార్?"

దొరసామి సార్ ముఖం కోపంతో బిగుసుకుంది. నన్ను ఓదార్చడానికి వచ్చినావా అన్నట్టు చూశాడు. తర్వాత ఆ ముఖం అలాగే వణికింది. "పొండి," అన్నాడు. "పొండబ్బా ఇంటికి."

మేం వచ్చేశాం. వీధి మలుపులో మునిరత్నం, "తప్పు మాట్లాడినానా మేడం?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

ఆ తర్వాత

దొరసామి సార్ ఆసుపత్రికి వచ్చాడు. మరుసటి రోజే కాదు, చాలా రోజుల తర్వాత. సిగరెట్టు మానడానికి మందులు ఇచ్చాం, నమలడానికి బిళ్ళలు ఇచ్చాం. మానాడు, మళ్ళీ తాగాడు, సులోచన గారి చేత అందరి ముందూ తిట్లు తిన్నాడు, మళ్ళీ మానాడు. పదిమంది ఆయాసం రోగుల మధ్య, కమ్మీ పట్టుకుని నడిచాడు. గాలిగోపురం దాకా ఎక్కిన మనిషికి ఆ స్టోరు గది నాలుగు గోడలే కొండయ్యాయి. తల దించుకుని నడిచేవాడు. మొదట్లో ఎవరైనా గుర్తుపట్టి నమస్కారం పెడితే ఆ పూటకు వెళ్ళిపోయేవాడు.

ఏడాది తర్వాత మళ్ళీ ఊదించాం. గీత ఎక్కడుందో అక్కడే ఉంది. ఆయన నీరుగారిపోయాడు. "ఇంత చేసినా పెరగలేదు," అన్నాడు.

"తగ్గలేదు కదా!" అని సులోచన గారు బల్ల మీద చరిచింది. "తగ్గలేదు సార్. ఈ జబ్బులో అదే గెలుపు."

నా ఉద్యోగం చివరి చలికాలంలో ఆయనకు న్యుమోనియా వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము నిండి, ఐసీయూలో మాస్కు పెట్టి యంత్రంతో గాలి లోపలికి నెట్టించే పరిస్థితి. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు స్కాన్ చూసి, ఆయన భార్యను పక్కకు పిలిచి బంధువులకు కబురు పెట్టుకోమన్నాడు. అతని తప్పు లేదు. ఆ స్కాన్ చూసినవాళ్ళెవరైనా అదే చెబుతారు. నేనూ ఆ రోజు ఆమె ముఖం చూడలేక వరండాలోకి వచ్చేశాను.

ఆయన పోలేదు. ఒక రోజు, ఇంకో రోజు, ఆ ఊపిరితిత్తులతో, ఆ మాస్కు కింద, పక్కటెముకల కండలతో గాలిని లాక్కుంటూనే ఉన్నాడు. వారం తిరిగేసరికి మాస్కు తీశారు. కుర్ర డాక్టరు నమ్మలేక సులోచన గారి దగ్గరికి వెళ్ళాడు. "ఈయన్ను కాపాడింది ఊపిరితిత్తులు కాదయ్యా," అందట ఆమె. "వాటి చుట్టూ ఉన్న కండ. ఒకప్పుడు కొండ మీద సంపాదించినది, మొన్న మన స్టోరు గదిలో తిరిగి తెచ్చుకున్నది."

ఇంటికి పోయేటప్పుడు ఆయన వెంట ఆక్సిజన్ సిలిండరు కూడా పోవాల్సి వచ్చింది. కొండ ఎక్కడం ఇక ఉండదని అందరికీ తెలుసు, ఆయనకు కూడా. అది దాచి చెబితే ఈ కథ అబద్ధమవుతుంది.

కానీ మాస్కు తీసిన మర్నాడు ఉదయం జరిగింది చెప్పి ముగిస్తాను. ఆ రోజు ఆయన్ను మంచం మీద కూర్చోబెడితే చాలని సులోచన గారు చెప్పింది. నేను వెళ్ళేసరికి దుప్పటి పక్కకు నెట్టి, మంచం అంచుకు జరిగి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి ఉన్నాడు. పెదాలు సున్నా చుట్టి ఊదుతున్నాడు.

"సార్! దిగమని ఎవరు చెప్పారు?"

తల ఎత్తాడు. మాట కూడగట్టుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

"కాళ్ళు చెప్పినాయమ్మా."

నడుముకు బెల్టు కట్టాను. ఆక్సిజన్ గొట్టం నేను పట్టుకున్నాను. లేచి నిలబడ్డాడు. నా ఉద్యోగంలో నేను చివరగా నడిపించిన మనిషి ఆయనే. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చాం.